చలిగాలికి చర్మం చిట్లుతోందా?

మార్గశిరం వచ్చిందంటే మా వైపు పొద్దున్నే గోదావరి కనబడదు. రేవు మీద మంచు అలాగే కూర్చుని ఉంటుంది. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్ళేకొద్దీ అడవి గాలి, దాంతోపాటు చలీ ఎక్కువే. ఖమ్మం పట్నంలో ఉండే మా ఆడపడుచు సంక్రాంతికి వస్తే రెండో రోజుకే "వదినా, మీ ఊరి గాలికి నా మొహం అప్పడంలా అయిపోయింది" అంటుంది. నవ్వుతాం గానీ, ఆ మాటలో అబద్ధం లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో మా ఇళ్ళల్లో వినబడేది ఒకటే చప్పుడు. అత్తగారు కాళ్ళు గోక్కునే చప్పుడు, పిల్లలు వీపు గోక్కునే చప్పుడు!

అంట్లు తోమి, బట్టలు ఉతికి, వంటకి కూర్చుంటే మన చేతుల సంగతి మనకే తెలుసు. చపాతీ పిండిలో ఉప్పు వేసి కలుపుతుంటే వేళ్ళ సందుల్లో చురుక్కుమంటుంది. చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటుంటే గరుకు వేళ్ళకు దారాలు పట్టుకుంటాయి. అందరం అనుభవించేదే. "చలికాలం కదా, మామూలే" అనుకుని ఊరుకుంటాం.

నేనూ అలాగే ఊరుకున్నాను. మా అమ్మాయి విషయంలో జరిగింది చూశాకే కళ్ళు తెరుచుకున్నాయి. నేను డాక్టర్ని కాదు. ఇంటర్ చదివి పెళ్ళయి వచ్చిన ఇల్లాలిని. డాక్టరమ్మ దగ్గర విన్నది, చదివి తెలుసుకున్నది, నా ఇంట్లో చేసి చూసుకున్నది మీతో చెప్పుకుంటున్నాను.

ఒక ట్యూబు కథ

మా అమ్మాయిది చిన్నప్పటి నుంచి సున్నితమైన చర్మం. చలికాలం బుగ్గలు ఎర్రబడి పొట్టు లేచేవి. డిగ్రీకి హాస్టల్లో ఉన్నప్పుడు ఒక మందుల దుకాణంలో అడిగితే ఒక చిన్న ట్యూబు ఇచ్చారట. రాసిన నాలుగు రోజులకే పొట్టు పోయి, మొహం నున్నగా, తెల్లగా అయింది. సెలవులకి ఇంటికొస్తే నేనే మురిసిపోయాను. "ఏం రాస్తున్నావే, నాక్కూడా చెప్పు" అన్నాను. అదే ట్యూబు రెండు చలికాలాలు, ఎండాకాలాలు కూడా వాడింది.

ట్యూబు రాయని రోజున మొహం మండటం మొదలైంది. ఎండలోకి వెళితే కారం పూసినట్టు భగభగ. బుగ్గల మీద సన్నటి ఎర్రని నరాలు, గడ్డం దగ్గర కురుపులు, చెంపల మీద నూగు. అప్పుడు తీసుకెళ్ళాం చర్మం డాక్టరమ్మ దగ్గరికి. ట్యూబు చూడగానే ఆవిడ, "ఇది పొడి చర్మానికి రాసే క్రీము కాదమ్మా, స్టెరాయిడ్ మందు. మీ అమ్మాయి చర్మం పల్చబడిపోయింది" అన్నారు.

నా గుండె జారిపోయింది. తెల్లబడిందని నేనే కదా మెచ్చుకున్నది!

తరువాత తెలిసింది, మన దేశంలో ఇలా ముఖం పాడుచేసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారని. చర్మవైద్యులు దీనికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని చెప్పింది. చెప్పినంత మాత్రాన అమ్మకం ఆగదు కదా. మనమే ట్యూబు మీద అక్షరాలు చదువుకోవాలి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అనే పేర్లు కనబడితే అది మందు, ముఖానికి రోజూ రాసుకునే క్రీము కాదు.

స్టెరాయిడ్ చెడ్డదని నేననడం లేదు. కొన్ని చర్మ జబ్బులకి డాక్టరు ఇన్ని రోజులని లెక్క చెప్పి ఇస్తే మేలే చేస్తుంది. లెక్క లేకుండా వాడితేనే ముప్పు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు మాత్రం డాక్టరుకి చూపించి, ఆయన చెప్పినట్టు మానాలి.

అసలు చర్మం ఎందుకు ఎండుతుంది?

డాక్టరమ్మ మాకు గోడ ఉదాహరణ చెప్పారు. చర్మం పైపొర ఇటుకల గోడ లాంటిదట. కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు సున్నం. ఆ సున్నం గట్టిగా ఉన్నంతకాలం లోపలి తడి లోపలే ఉంటుంది. బయటి దుమ్ము, ధూళి లోపలికి పోవు.

చలికాలం గాలిలో తేమ తగ్గిపోతుంది. ఆరేసిన వడియాలు ఎండ లేకపోయినా గాలికే బిగుసుకుపోవడం మనం చూస్తూనే ఉంటాం. చర్మంలోని తడిని కూడా గాలి అలాగే లాగేసుకుంటుంది. దానికి తోడు మనం కాగులో సలసల మరిగే నీళ్ళు పోసుకుంటాం, సబ్బు రెండుసార్లు రుద్దుతాం. గోడలో ఉన్న సున్నం కాస్తా కరిగి మోరీలోకి పోతుంది.

కాబట్టి మనం చెయ్యాల్సింది రెండే రెండు పనులు. ఉన్న నూనెని పోగొట్టకుండా చూసుకోవడం, ఉన్న తడిని బయటికి పోకుండా ఆపడం. తెల్లబరచడం ఈ రెండింటిలోనూ లేదు!

స్నానం దగ్గరే సగం పని

* వేణ్ణీళ్ళు కాదు, గోరువెచ్చటి నీళ్ళు. ఒంటి మీద పోసుకుంటే ఒళ్ళు ఎర్రబడిందంటే వేడి ఎక్కువైనట్టే. అయిదు, పది నిమిషాల్లో స్నానం ముగించాలి. చలికి కాగు పక్కన నిలబడి పోసుకుంటూ ఉండాలనిపిస్తుంది, నిజమే. కానీ ఆ హాయికి రాత్రంతా గోక్కోవాలి.

* సబ్బు ఒంటినిండా అక్కర్లేదు. చంకలు, గజ్జలు, పాదాలు, చెమట పట్టే చోట్ల చాలు. చేతులకి, కాళ్ళకి, వీపుకి వట్టి నీళ్ళు చాలు. చర్మం సహజంగా కొంచెం పులుపు గుణం కలది, మామూలు సబ్బు క్షార గుణం కలది. ఆ రెండింటికీ పడదు.

* సబ్బు కొనేటప్పుడు అట్ట వెనక టి.ఎఫ్.ఎం. అని చిన్న అక్షరాలతో శాతం వేసి ఉంటుంది, చూడండి. అంటే సబ్బులో ఉన్న కొవ్వు పదార్థం. మన దేశ ప్రమాణాల్లో 76 శాతం, ఆపైన ఉంటే మొదటి రకం, 70 ఉంటే రెండో రకం, 60 ఉంటే మూడో రకం. పొడి చర్మానికి మొదటి రకం మేలు. వాసన తక్కువగా ఉండేది ఇంకా మేలు.

* బోరు నీళ్ళు ఉప్పగా ఉండి నురగ రాకపోతే ఇంకా ఇంకా సబ్బు రుద్దుతాం. ఆ సబ్బు తెట్టు ఒంటి మీదే ఉండిపోయి దురద పెడుతుంది. వీలుంటే చివరి రెండు చెంబులైనా మంచి నీళ్ళు పోసుకోండి.

* సున్నిపిండి అలవాటున్నవాళ్ళు పెసరపిండిలో మీగడ కలిపి మెల్లగా రాసి కడుక్కోండి. శనగపిండి, నిమ్మరసం, గరుకు పీచు ఈ రెండు నెలలూ వద్దు. పొట్టు లేచిందని రుద్దితే పొట్టు పోదు, పుండు పడుతుంది.

మూడు నిమిషాల సూత్రం

స్నానం చేసి ఒళ్ళంతా గట్టిగా తుడుచుకుని, చీర కట్టుకుని, దేవుడికి దీపం పెట్టి, టిఫిను చేసి, అప్పుడు తీరిగ్గా నూనె రాసుకుంటాం. అప్పటికి తడంతా పోతుంది. ఎండిన చర్మం మీద నూనె రాస్తే మెరుస్తుంది గానీ తడి తిరిగి రాదు.

తువ్వాలుతో అద్దినట్టు తుడుచుకుని, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే మూడు నిమిషాల లోపు రాసెయ్యాలి. స్నానాల గదిలోనే సీసా పెట్టుకోండి. ఈ ఒక్క మార్పుతోనే మా అత్తగారి కాళ్ళ దురద వారం రోజుల్లో సగానికి తగ్గింది. ఖర్చు లేదు, అదనపు శ్రమ లేదు.

ఏం రాయాలి అంటారా?

కొబ్బరినూనె: 2004లో ఫిలిప్పీన్స్ దేశంలో పొడి చర్మం ఉన్న 34 మంది మీద పరీక్ష చేశారు. కొందరికి కొబ్బరినూనె, కొందరికి మినరల్ ఆయిల్ ఇచ్చి, రోజుకి రెండుసార్లు కాళ్ళకి రెండు వారాలు రాయించారు. రెండూ సమానంగా పనిచేశాయి. చలికి గడ్డ కడితే పొయ్యి మీద పెట్టకండి, వేణ్ణీళ్ళ గిన్నెలో సీసా నిలబెడితే కరుగుతుంది.

వాజిలీను: 1859లో అమెరికాలో చమురు బావుల దగ్గర పనివాళ్ళు గొట్టాలకు పట్టిన జిడ్డుని గాయాలకి పూసుకోవడం చూసి, చెస్‌బ్రో అనే ఆయన దాన్ని శుద్ధి చేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు. అదే మనం వాడే వాజిలీను. వాసన లేని తెల్లది ఎంత సున్నితమైన చర్మానికైనా పడుతుంది. అయితే జిడ్డు, కాబట్టి రాత్రి పూట బాగుంటుంది.

ఇప్పనూనె: ఇది మా అడవి సొత్తు. ఎండాకాలం ఇప్పపూలు ఏరుకున్నాక, కాయలు పండి రాలితే గింజలు ఏరి, ఎండబెట్టి నూనె తీస్తారు. కోయ గూడేల్లో వంటకీ ఇదే, దీపానికీ ఇదే, కాళ్ళ పగుళ్ళకీ ఇదే. చలికి నెయ్యిలా పేరుకుంటుంది. మా ఇంటికి చింతపండు, తేనె తెచ్చే కోయ అవ్వ పాదాలు చూశాను. చెప్పుల్లేకుండా అడవంతా తిరిగే పాదాలు, ఒక్క పగులు లేదు! అడిగితే, "రాత్రి పడుకునే ముందు కాళ్ళు కడుక్కొని ఇంత నూనె రాస్తా బిడ్డా, మర్చిపోయిన రోజు లేదు" అంది. నూనె గొప్పతనం సగమైతే, మర్చిపోకపోవడం సగం అని నాకనిపించింది. ఈ నూనెకి కొంచెం వాసన ఉంటుంది, పాదాలకి, మోచేతులకి బాగుంటుంది.

గ్లిజరిన్: అలాగే పూస్తే కొందరికి మంట పుడుతుంది. ఒక వంతు గ్లిజరిన్‌కి రెండు వంతుల పన్నీరు కలిపి చెమ్మ ఒంటికి రాయండి.

ఆవనూనె మాత్రం సున్నితమైన చర్మానికి, ముఖ్యంగా పసిపిల్లలకి వద్దు. ఏది కొత్తగా వాడినా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి రెండు మూడు రోజులు చూడండి. ఎర్రబడకపోతే అప్పుడు ముఖానికి. పాదాలకి నూనె రాసుకున్నాక తడి బండల మీద నడవకండి, మంచం ఎక్కాకే రాసుకోండి!

పని చేసే చేతులకి

మా వైపు చలికాలం అంటే పత్తి తీసే కాలం, ఆ వెనకే మిరప కోతలు. పత్తికాయ డొప్పలు గీరుకుని వేళ్ళు చిట్లుతాయి. ఆ చిట్లిన వేళ్ళతోనే మిరపకాయలు ఏరాలి. ఖమ్మం మిర్చి యార్డుకి వచ్చే తేజ రకం కారం ఎంతో మీకు తెలుసు కదా! ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కుటుంబాలతో సహా కూలికి వస్తారు. సాయంత్రం బోరింగు దగ్గర చేతులు నీళ్ళలో ముంచుకుని ఊదుకుంటూ కూర్చున్న ఆడవాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మిరప కారం నీళ్ళకి కరగదు, నూనెకి కరుగుతుంది. అందుకే నీళ్ళతో ఎంత కడిగినా మంట పోదు. ముందు ఏదైనా వంటనూనె చేతులకి బాగా పట్టించి, పాత గుడ్డతో తుడిచి, అప్పుడు సబ్బుతో కడగాలి. రెండుసార్లు ఇలా చేస్తే హాయిగా ఉంటుంది. ఇంట్లో పచ్చళ్ళకి, కారం దంపుడికి కూర్చున్నప్పుడు మనకీ ఇదే చిట్కా. పనికి వెళ్ళేముందే చేతులకి కొంచెం నూనె రాసుకుని, పైన నూలు తొడుగులు వేసుకుంటే అసలు బాధే తక్కువ.

అంట్ల సబ్బు, బట్టల సోడా చేతుల నూనెని లాగేస్తాయి. వీలైతే రబ్బరు తొడుగులు వేసుకోండి. లేకపోతే అంట్లన్నీ ఒక్కసారే తోమి, చేతులు తుడుచుకుని వెంటనే నూనె రాయండి. వంటింటి గూట్లో ఒక చిన్న సీసా ఉంటే మర్చిపోరు.

పెదవులు, పాదాలు

పెదవులు ఎండాయని నాలికతో తడుపుకుంటే ఇంకా పగులుతాయి. నెయ్యి గానీ వాజిలీను గానీ రోజుకి నాలుగైదుసార్లు రాయండి. రేగిన పొట్టు లాగకండి.

పాదాలకి రాత్రి పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళు, మెత్తగా రుద్దే రాయి, తుడిచి నూనో వాజిలీనో, పైన నూలు సాక్సులు. పది రోజులు విడవకుండా చేస్తే తేడా కనబడుతుంది. షుగరు ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్త. కాళ్ళకి స్పర్శ తగ్గి నీళ్ళ వేడి తెలియదు. మోచేత్తో చూసుకుని, లేదా ఇంట్లో వేరేవాళ్ళు చూశాకే కాళ్ళు పెట్టాలి. పగుళ్ళని బ్లేడుతో గీకకూడదు. పగులు చీము పట్టితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

పసిపిల్లలు, పెద్దవాళ్ళు

వయసు పెరిగేకొద్దీ చర్మంలో నూనె తగ్గుతుంది. అందుకే చలికాలం దురద పెద్దవాళ్ళకే ఎక్కువ. రోజూ తలారా స్నానం చేయించనక్కర్లేదు. ఉన్ని స్వెట్టరు లోపల మెత్తని నూలు జాకెట్టో బనీనో వేయండి. చలిమంట దగ్గర కాళ్ళు చాపుకుని గంటలు గంటలు కూర్చోనివ్వకండి. చర్మం ఎండడమే కాదు, రోజూ అలా కూర్చుంటే పిక్కల మీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు పడతాయి.

ముక్కోటి ఏకాదశికి భద్రాచలం వచ్చేవాళ్ళకి ఒక మాట. ముందురోజు సాయంత్రం తెప్పోత్సవం చూసి, తెల్లవారుజామున గోదావరిలో మునిగి ఉత్తర ద్వార దర్శనానికి వరుసలో నిలబడతారు. చల్లటి నీళ్ళు, పైన చలిగాలి. సంచిలో చిన్న నూనె సీసా వేసుకోండి. ఒడ్డుకి రాగానే చెమ్మ ఒంటికి పిల్లలకి, పెద్దలకి రాసి బట్టలు తొడగండి.

ఇక తిండి సంగతి. సంక్రాంతి నువ్వులుండలు, పల్లీలు, పాలు, ఆకుకూరలు ఒంటికి మంచివే. దాహం లేకపోయినా నీళ్ళు తాగాలి. అయితే తిండి ఒక్కటే పగుళ్ళు మాన్పదు, పైపూత తప్పదు.

ఇది పొడి చర్మమేనా?

దురద ప్రతిదీ చలి వల్ల కాదు. ఈ గుర్తులుంటే నూనె రాసుకుంటూ కూర్చోవద్దు:

* రాత్రి పూట దురద ఎక్కువై, వేళ్ళ సందుల్లో పొక్కులు, ఇంట్లో నలుగురికీ ఉంటే అది గజ్జి కావచ్చు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు వాడాలి.
* గుండ్రంగా అంచులు ఎర్రబడి పాకితే తామర. దానికి స్టెరాయిడ్ ట్యూబు రాస్తే అణిగినట్టే అణిగి ఇంకా పాకుతుంది.
* పాలిపోయిన మచ్చ, దాని మీద గిల్లినా తెలియకపోతే కుష్ఠు పరీక్ష చేయించాలి. సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.
* పొడి చర్మంతో పాటు జుట్టు రాలడం, ఒళ్ళు బరువెక్కడం, నీరసం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.
* నూనె, గోరువెచ్చటి నీళ్ళు రెండు వారాలు పాటించినా తగ్గకపోతే, చర్మం చిట్లి రసి కారితే డాక్టరుకి చూపించాలి.

మా అమ్మాయి ఇప్పుడు

ట్యూబు మానిన మొదటి నెల నరకమే. మొహం ఉబ్బి ఎర్రబడింది. డాక్టరమ్మ ఇచ్చిన మందులు, వాసన లేని క్రీము, ఎండలో గొడుగు, అంతే. అద్దం చూడటం మానేసింది పిల్ల. చుట్టాలొస్తే గదిలోంచి వచ్చేది కాదు. ఎనిమిది నెలలు పట్టింది తేరుకోవడానికి. సన్నటి ఎర్ర నరాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి.

ఒక రోజు తనే అడిగింది, "అమ్మా, నేను తెల్లబడ్డప్పుడు నీకంత సంతోషం ఎందుకేసింది?" అని. నా దగ్గర జవాబు లేదు. పెళ్ళి కావాల్సిన పిల్ల కదా అన్న ఆలోచన నా మనసులో ఉన్న మాట నిజం. అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆడపిల్ల మొహం రంగు మారిందంటే మురిసిపోకుండా, ఏం రాసిందో ఆ ట్యూబు తీసుకుని చదవాల్సింది మనమే.

ఈ చలికాలం మా ఇంట్లో స్నానాల గది గూట్లో ఒకటే కొబ్బరినూనె సీసా. అత్తగారు, నేను, అమ్మాయి, ముగ్గురిదీ అదే. నిన్న పొద్దున అది గడ్డ కట్టిందని అమ్మాయి లోపలినుంచి కేకేసింది. "వేణ్ణీళ్ళలో పెట్టు, పొయ్యి మీద కాదు!" అని నేను అనేలోపే మా అత్తగారు అందుకున్నారు.

మీ ఇంట్లో కూడా ఆ సీసాని అలమరలోంచి తీసి స్నానాల గదిలో పెట్టండి. రేపటి నుంచే మొదలుపెట్టండి.